కోచమ్మ రావలసిన వేసవి

పోయిన వారం ఆఫీసు క్యాంటీన్లో, మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక తెలుగబ్బాయి ప్లేటు పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కాసేపు వాతావరణం గురించీ, మ్యూనిక్ అద్దెల గురించీ మాట్లాడి, అసలు సంగతికొచ్చాడు. "అక్కా, మా పాప ఈత బాగా కొడుతుంది. అమెరికా కాలేజీ కోచ్‌కి మెయిల్ రాస్తే ఎన్నాళ్ళైనా జవాబు లేదు. మీకు ఆ రూల్సన్నీ తెలుసట కదా?" అన్నాడు. తెలుసు. ఒకప్పుడు మా ఇంట్లో ఆ రూల్స్ మీద జరిగినంత చర్చ ఏ పంచాంగం మీదా జరగలేదు. పిల్ల ఫలానా క్లాసు దాటేదాకా కోచ్ జవాబివ్వకూడదని, అది పొగరు కాదు నిబంధన అని, ఓపిక పట్టమని చెప్పాను. అతను ఊరట పడి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ సాయంత్రం లోకల్ రైలు ఎస్-బాన్‌లో ఇంటికొస్తుంటే రూల్స్ కాదు, మా అత్తయ్య గుర్తొచ్చింది.

మా అమ్మాయి హర్డిల్స్ పరిగెత్తేది. చిన్నప్పుడు దుడుకు తగ్గుతుందని మా వీధి చివరి ఫెరైన్‌లో, అంటే ఇక్కడి ఆటల క్లబ్బులో, చేర్పించాం. దుడుకు తగ్గలేదు కానీ దానికొక దారి దొరికింది. పదో క్లాసు అయిన వేసవిలో అమెరికాలో ఒక కాలేజీ నుంచి హర్డిల్స్ కోచ్ మెయిల్ రాసింది. ఆవిణ్ణి మా అత్తయ్య ఆ తర్వాత 'కోచమ్మ' అని పిలవడం మొదలుపెట్టింది కనుక నేనూ అలాగే అంటాను. కోచమ్మతో పాటే రూల్స్ కూడా మా ఇంట్లో అడుగుపెట్టాయి. ఆవిడ మా పిల్లకి ఏదీ బహుమతిగా ఇవ్వకూడదు, ఆఖరికి కాలేజీ పేరున్న టోపీ కూడా. మా పిల్ల ఆట మీద ఎవరి దగ్గరా ప్రతిఫలం పుచ్చుకోకూడదు. అందుకే మా పేటలోని చెప్పుల దుకాణం ఆయన పాపం అభిమానంగా ఇవ్వబోయిన స్పైక్స్ కూడా వద్దని దణ్ణం పెట్టి వచ్చేశాం. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే కాస్త ముభావంగానే 'గ్రూస్ గోట్' అని పలకరిస్తాడు.

మరుసటి ఏడు ఈస్టర్ సెలవుల్లో కోచమ్మ యూరప్ వస్తానని, మా ఇంటికి కూడా వస్తానని రాసింది. ఇంటికి రావడానికి రూల్ ఒప్పుకుంటుందట. సరిగ్గా దానికి ముందే, ఫిబ్రవరిలో, మా అత్తయ్య తెనాలి నుంచి మూణ్ణెల్లు ఉండి వెళదామని వచ్చింది. ఎవరో పిల్లని చూసుకోవడానికి వస్తున్నారనగానే ఆవిడ కొంగు బిగించింది. కర్టెన్లు ఉతికించింది. బాల్కనీలో నా ఎండిపోయిన మొక్కల్ని చూసి నిట్టూర్చి, కొత్తవి తెప్పించింది. కోచమ్మ కారం తింటుందా తినదా అని మా ఆయన్ని నాలుగైదుసార్లు అడిగింది. ఇంతలో మార్చి వచ్చింది, దాంతో పాటే కరోనా వచ్చింది. స్కూళ్ళు, ఆఫీసులు, మైదానాలు, విమానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కాలేజీ ఆటల సంఘం వాళ్ళు కోచ్‌లెవరూ పిల్లల్ని ఎదురుపడి కలవకూడదని నిషేధం పెట్టారు. దానికి వాళ్ళ భాషలో పేరు 'డెడ్ పీరియడ్'. అప్పటి రోజుల్లో ఆ మాట చదివితేనే ఒళ్ళు జలదరించేది. మా అత్తయ్యకి అర్థం చెబితే, "శుభమా అని పిల్లని చూసుకోవడానికి వస్తుంటే అదేం పేరే, ఇంకేం దొరకలేదూ వాళ్ళకి?" అని చిరాకు పడింది.

ఆవిడ తిరుగు ప్రయాణమూ ఆగిపోయింది. వీసా పొడిగింపుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ కోసం మా ఆయన రోజూ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. నేను పడగ్గదిలో, ఆయన హాల్లో, పిల్ల వంటింటి బల్ల దగ్గర, అందరం హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరి లోకంలో వాళ్ళం. అత్తయ్య మా మధ్య చప్పుడు చెయ్యకుండా పప్పు తాలింపు పెట్టడం నేర్చుకుంది. అది తేలికైన విద్య కాదు. మైదానాలు మూసేసినా, ఒకే ఇంటివాళ్ళు బయట వ్యాయామం చేసుకోవచ్చన్నారు. క్లబ్బు ట్రైనర్ కొన్ని హర్డిల్స్ మాకు అప్పుగా ఇచ్చాడు. వాటిని భవనం కిందున్న మా సామాన్ల గది కెల్లర్‌లో, సూట్‌కేసుల పక్కన పెట్టుకున్నాం. మాకు మీటింగులుండేవి కనుక, పిల్లకి తోడు వెళ్ళే పని అత్తయ్యకి పడింది. నేత చీర, దాని మీద నా పాత చలికోటు, మూతికి మాస్కు, భుజాన ఒక హర్డిల్. ఈ వేషంలో ఆవిడ ఈజార్ నది ఒడ్డుకి నడిచి వెళుతుంటే కుక్కల్ని తిప్పేవాళ్ళు కూడా ఆగి చూసేవారట. ఒకరోజు పోలీసులు ఆపి, మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళేనా అని అడిగారు. మా అమ్మాయి జవాబు చెప్పేలోపే అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకుని "ఓమా! ఓమా!" అందట. మనవరాలి దగ్గర నేర్చుకున్న ఏకైక జర్మన్ మాట, నానమ్మ అని. పోలీసాయన నవ్వు ఆపుకుని, హర్డిల్ సర్దుకోవడానికి సాయం కూడా చేశాడు.

పోటీలు లేవు కనుక టైమింగులు లేవు. కోచమ్మ వీడియోలు పంపమంది. తీసేది అత్తయ్యే. బొమ్మ కాస్త వణికేది కానీ వ్యాఖ్యానం మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. "వస్తోంది, వస్తోంది... కాలెత్తు తల్లీ... అమ్మయ్య!" ప్రతి హర్డిల్‌కీ ఒక అమ్మయ్య. మ్యూట్ చేసి పంపుదామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. తర్వాతి ఫోన్లో కోచమ్మ ఆ మాటకి అర్థం అడిగింది. ఆపైన వీడియో బాగుంటే తనే "అమ్మయా" అని దీర్ఘం తీసేది.

ఆ ఫోన్లలో ఒక విషయం అత్తయ్యని ఆశ్చర్యపరిచింది. కోచమ్మ మమ్మల్ని పలకరించేది, మర్యాదగా మాట్లాడేది, కానీ అసలు మాట ఏదైనా పిల్లతోనే. నీకేం చదవాలనుంది? ఇంటికి దూరంగా ఉండగలవా? మా టీమ్‌లో నీకు నచ్చనిదేమైనా ఉందా? కాలేజీలో చేరే కాగితం మీద సంతకం దగ్గర తల్లిదండ్రులూ కావాలి, అది నవంబర్లో. అప్పటిదాకా అటు వాళ్ళదీ ఇటు మాదీ నోటిమాటే, ఎవరినీ కట్టి పడెయ్యదు. కానీ ఆ నోటిమాట కూడా పిల్లకే చెప్పింది. జూన్‌లో ఒక సాయంత్రం, "నువ్వు మా టీమ్‌కి కావాలి, నీకు రావాలనుందా?" అని అడిగింది. మా అమ్మాయి ఒక్క క్షణం మా వైపు చూసి, మళ్ళీ ఫోన్ వైపు తిరిగి, అవునంది.

ఆ రోజు సేమ్యా పాయసం కలుపుతూ అత్తయ్య నాతో అంది, "అమ్మాయ్, నన్నూ ఒకరు అడగడానికొచ్చారు తెలుసా?" తెలియదు. నా పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటినా, ఆవిడ చిన్నప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేదని కూడా నాకు తెలియదు. స్కూలు జట్టులో వెనక నిలబడి ఆ పసుపుపచ్చ ఉన్ని బంతిని ఎంత దూరమైనా కొట్టేదట. జిల్లా పోటీల తర్వాత గుంటూరులో ఆడపిల్లల కాలేజీ నుంచి ఆటల మేడం రిక్షాలో ఇంటికొచ్చింది. సీటిస్తాం, హాస్టలిస్తాం, పిల్లని పంపించండి అని వాళ్ళ నాన్నగారిని అడిగింది. ఆయన ఆలోచించి చెబుతామని మర్యాదగా పంపేశారు. "కాఫీ నేనే తీసుకెళ్ళానే. ఆవిడ నా వైపు చూసి నవ్వింది. ఎవరో బంధువులనుకుని గ్లాసులిచ్చి లోపలికొచ్చేశాను. ఎందుకొచ్చిందో మా అమ్మ చెప్పింది, మీ ఆయన పుట్టాక." ఇంతే చెప్పి, యాలకుల డబ్బా ఎక్కడుందని అడిగింది. నేను ఆ డబ్బా అందించానో లేదో గుర్తులేదు.

వేసవి సరదాగానే గడిచింది. మైదానాలు తెరిచారు. మా అమ్మాయి ఆ కాలేజీ ఊరి వాతావరణం రోజూ తన ఫోన్లో చూసుకునేది, అప్పుడే అక్కడ ఉన్నట్టు. మా ఆయన మాత్రం రూల్స్‌లో వచ్చిన ఒక మార్పు చదివి ముభావమయ్యాడు. కరోనా వల్ల సీజన్ పోగొట్టుకున్న పాత ఆటగాళ్ళకి ఇంకో ఏడాది ఆడే హక్కు ఇచ్చారు. న్యాయమైనదే. వాళ్ళేం పాపం చేశారు? కాకపోతే వాళ్ళు ఉండిపోతే కొత్తవాళ్ళకి చోటుండదు.

సెప్టెంబర్లో, అత్తయ్యకి ఎట్టకేలకు విమానం టిక్కెట్ దొరికిన వారంలోనే, ఫోనొచ్చింది. కోచమ్మ ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. చివరి ఏడాది హర్డిల్స్ అమ్మాయిలందరూ ఉండిపోతున్నారని, తన దగ్గర చోటు లేదని, ఈమాట మెయిల్లో రాయడం తనకి ఇష్టం లేకపోయిందని చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. మా అమ్మాయి నిటారుగా కూర్చుని విని, "నాతోనే చెప్పినందుకు థాంక్స్" అంది. అప్పుడు అత్తయ్య ముందుకు జరిగి, ఫోన్ దగ్గర ముఖం పెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో, "యూ కమ్. అవర్ హౌస్. నౌ నో రూల్!" అంది. ఇక మా పిల్ల వాళ్ళకేమీ కాదు కనుక రావడానికి అడ్డేముంది అని ఆవిడ లెక్క. కోచమ్మ ఏడుస్తూనే నవ్వింది. మా అమ్మాయి కూడా నవ్వబోయి, లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నాకు కోపం ఆగలేదు. ఆశ పెట్టి ఇలా చేస్తారా, నోటిమాటకి విలువే లేదా అని మా ఆయన మీద అరిచాను, ఆయనే ఆ రూల్స్ రాసినట్టు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "దానికి కాదన్నది కూడా దానికే చెప్పారు. నన్ను రమ్మన్న సంగతి కూడా నాకు చెప్పలేదు," అంది. ఆ తర్వాత పెరుగన్నం కలిపి గిన్నె పట్టుకుని మనవరాలి తలుపు తట్టింది. లోపల వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మొదట ఏడుపు వినిపించింది. చాలాసేపటికి మాటలు వినిపించాయి, ఆ మాటల్లో గుంటూరు పేరు ఒకటి రెండుసార్లు వినిపించింది.

ఆ ఏడు స్కూలు ఆఖరి పరీక్ష అబిటూర్ చదువు మధ్య దానికి నిర్ణయించుకోవడానికి టైము దొరికింది. ఇంకో కాలేజీకి రాయమని మేం చెప్పాం, వద్దంది. జర్మనీలోనే మాగ్డెబర్గ్‌లో ఇంజినీరింగ్ చేరింది. అక్కడ యూనివర్సిటీ జట్టుకి నాలుగేళ్ళు పరిగెత్తింది. పేపర్లో పడేంత కాదు, తనకి తృప్తి కలిగేంత. కోచమ్మ మా ఇంటికి రాలేదు. కొన్నాళ్ళు పండగలకి మెసేజ్ పెట్టేది, తర్వాత ఉద్యోగం మారిందని విన్నాం. అత్తయ్య తెనాలిలోనే ఉంది. మోకాళ్ళ నొప్పులున్నా సాయంత్రం పక్కవీధి స్కూలు దాకా నడిచి, ఆడపిల్లలు ఆడుకుంటుంటే గోడ పక్కన కుర్చీ వేయించుకుని చూస్తుందట. ఏం ఆడతారు వాళ్ళు అని అడిగితే, "ఏదో ఒకటి, ఎగురుతుంటారుగా" అంటుంది.

అందరూ ఆ ఏడాదిని జీవితంలోంచి పోయిన ఏడాది అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. కానీ ఆ తర్వాత వచ్చిన మంచి సంవత్సరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఏది ఎప్పుడో చెప్పలేను. ఎక్కడికీ వెళ్ళక ఇంట్లో కూర్చున్న ఆ ఒక్క ఏడాదే, ఏ పూట తలుచుకున్నా, పూట పూటగా కళ్ళముందు నిలబడుతుంది.