గీత అవతల కాలవ లేదు

ఆ రోజుల్లో నా ఒంట్లో ఏదో ఒక భాగం ఎప్పుడూ కట్టులోనే ఉండేది. ఇప్పుడు మోకాలు నొప్పి పుడితే వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంటున్నాను గానీ, అప్పుడు ఆ సాకు కూడా లేదు. కొత్త ఉద్యోగం, కొత్త దేశం, అరోరాలో మా పిన్నీ బాబాయ్‌ల ఇంటి బేస్‌మెంట్‌లో మకాం. వారమంతా కంప్యూటర్ ముందు బుద్ధిగా కూర్చునేదాన్ని. శనివారం వచ్చిందంటే మాత్రం పార్కుకెళ్ళి, ఆస్ట్రేలియావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఒక ఆట ఆడి, కుంటుకుంటూ తిరిగొచ్చేదాన్ని. మా పిన్ని ఫ్రీజర్‌లో బెండకాయ ముక్కల పాకెట్ ఒకటి కూరకి కాకుండా నా చీలమండ కోసమే ఉండేది (ఒకసారి చుట్టాలొచ్చారని ఆవిడ దాన్ని వేపుడు చేసేస్తే, ఆ రాత్రి నేను బఠాణీలతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది).

ఆ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మైదానం క్రికెట్ మైదానంలాగే కోలగా ఉంటుంది, బంతి కూడా కోలగానే ఉంటుంది. దాన్ని తన్నొచ్చు, గాల్లో పట్టుకోవచ్చు, పట్టుకుని పరిగెత్తొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాళ్ళకి అందించొచ్చు. మన చేతిలో బంతి ఉంటే ఎదుటి జట్టువాళ్ళు వచ్చి మీదపడి పట్టుకోవచ్చు, అది నేరం కాదు. ప్యాడ్లు లేవు, హెల్మెట్ లేదు. ఇందులోకి నేనెలా వచ్చానంటారా? ఆఫీసులో మా పక్క క్యూబికల్‌లో ఒక ఆస్ట్రేలియా ఆయన ఉండేవాడు. ఒకరోజు ఆయన కాఫీ మగ్గు బల్లమీంచి జారిపోతుంటే నేను కుర్చీలోంచి ఒంగి ఒంటిచేత్తో పట్టేశాను. చుక్క ఒలకలేదు. ఆయన నన్నూ మగ్గునీ మార్చి మార్చి చూసి, "శనివారం ఖాళీయేనా?" అన్నాడు. వారాంతాల్లో ఆడవాళ్ళ జట్టుకి ఆయనే కోచ్.

చిన్నప్పుడు మా వీధి క్రికెట్‌లో నాకు బ్యాటు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. మా అన్నయ్యా వాళ్ళ స్నేహితులూ నన్ను ఫీల్డింగ్‌కి మాత్రమే పిలిచేవాళ్ళు, అదీ కాలవ పక్కన. మురుగు కాలవే మాకు బౌండరీ. బంతి అందులో పడితే వదిలేసినవాళ్ళే చెయ్యిపెట్టి తియ్యాలన్నది మా వీధి చట్టం. అలాంటిదాన్ని, ఇక్కడ ఎవరెవరో అమ్మాయిలు నా పేరు వంకరటింకరగా అరుస్తూ బంతి నాకే అందిస్తుంటే, నిజంగా చెప్తున్నాను, ఏడుపొచ్చినంత పనయ్యేది. అందుకే దెబ్బలు తగిలినా శనివారం కోసం చూసేదాన్ని. కానీ ఒక్క మ్యాచ్ కూడా చివరిదాకా ఆడింది లేదు. ప్రతిసారీ ఆట అయిపోయిందని సైరన్ మోగే వేళకి నేను బయట కూర్చుని బెండకాయలు ఒత్తుకుంటూ ఉండేదాన్ని.

వేసవి చివర్లో పొరుగు రాష్ట్రంలో టోర్నమెంట్ ఉంది. దానికి ముందు కోచ్ నన్ను పిలిచి మెల్లగా విషయం చెప్పాడు (ఆయన ఇంగ్లీషుని నా తెలుగులో రాస్తున్నాను, యాస మీరే ఊహించుకోండి). "వచ్చే శనివారం సైరన్ మోగేదాకా నువ్వు మైదానంలో నిలబడాలి. లేదంటే టోర్నమెంట్‌లో నీకు జెండాలిస్తాను." గోల్ పడినప్పుడు స్తంభాల దగ్గర నిలబడి రెండు జెండాలు ఊపే మనిషి ఒకరుంటారు. ఆ ఆట మొత్తంలో దెబ్బ తగలని చోటు అదొక్కటే. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ మాట చెప్పాను.

"ఓస్ ఇంతేనా?" అన్నాడు బాబాయ్. "ఇది ఫీల్డ్ సెట్టింగ్ ప్రాబ్లమ్ చిట్టీ. మీ కోచ్‌ని శుక్రవారం డిన్నర్‌కి పిలువు. నేను మాట్లాడతాను."

బాబాయ్ కాలేజీ రోజుల్లో క్రికెట్ కెప్టెన్‌నని చెప్పుకునేవాడు. పిన్నేమో "మంచినీళ్ళు అందించేవారు" అనేది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో నిజం ఉండి ఉంటుంది.

శుక్రవారం కోచ్ వచ్చాడు. పులిహోర తిన్నాడు, పప్పుచారు తాగాడు, దేనికీ వెరవలేదు. భోజనాలయ్యాక బాబాయ్ పెద్ద కోల ట్రే ఒకటి తెచ్చి బల్లమధ్య పెట్టి, దాన్నిండా గుమ్మడి వడియాలు పరిచాడు. అవి ఆటగాళ్ళు. నా బదులు ఒక ఊరమిరపకాయ పెట్టాడు. ఇక మొదలైంది చర్చ. గోల్ ముందు పెడదామంటే అక్కడ అందరూ ఎగిరి మీదపడతారు, నా వేళ్ళు నిలవవు. వెనకాల కాపలా పెడదామంటే ఎదుటి జట్టులో బలమైనదాన్ని నేనే ఆపాలి, నా భుజం నిలవదు. పొడుగువాళ్ళు ఎగిరే చోటికి నా ఎత్తు చాలదు. ఊరమిరపకాయ ట్రే అంతా తిరిగింది.

"లుక్ కోచ్ గారూ," అన్నాడు బాబాయ్, పాఠం చెప్పే ధోరణిలో. "క్రికెట్‌లో వీక్ ఫీల్డర్‌ని ఎక్కడ హైడ్ చేస్తాం? బౌండరీ దగ్గర. పని తక్కువ, సేఫ్టీ ఎక్కువ."

కోచ్ తల గోక్కున్నాడు. "మొదట్నుంచీ అక్కడే పెడుతున్నాను సార్. పక్క అంచున. గుంపుకి దూరంగా ఉంటుందనే."

"అయితే ఇంకాస్త అంచుకి జరపండి," అని బాబాయ్ మిరపకాయని వేలితో నెట్టాడు. అది ట్రే దాటి కిందపడింది.

అంతవరకూ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న పిన్నికి ఒళ్ళు మండిపోయింది. "చాల్లెండి సంబడం! మిరపకాయక్కూడా దెబ్బే తగిలింది. ఏమే, నీకు ఆట కావాలా, ఒళ్ళు కావాలా? మొదటి వారం కంచెకి గుద్దుకున్నావ్. తర్వాత ఆ మంచినీళ్ళ కూలర్ మీద పడ్డావ్, చెయ్యి వాచింది. మొన్నటికి మొన్న బెంచీ కింద దూరావ్. మీ అమ్మ వీడియో కాల్ చేస్తే ఆ చెయ్యి కనపడకుండా నేను అడ్డం నిలబడాల్సి వస్తోంది! ఇంకొక్క దెబ్బ తగలనీ, ఫోన్ నేనే చేసి చెప్తా."

బాబాయ్ ఇదంతా కోచ్‌కి ఇంగ్లీషులో అందిస్తున్నాడు (తనకి తగిలిన మాటలు తప్ప). కోచ్ చెయ్యెత్తి ఆపాడు. "ఒక్క నిమిషం. కంచె, కూలర్, బెంచీ. ఇవన్నీ మైదానం బయట కదా? నిన్నెవరైనా తోశారా?"

"లేదు."

"మరి నువ్వక్కడికెందుకు వెళ్ళావు?"

"బంతి గీత దాటిపోతోంటే దూకాను కోచ్."

"ఎందుకు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "ఫోర్ పోతుంది కదా!"

బాబాయ్ కూడా అవునన్నట్టు గట్టిగా తలూపాడు. కోచ్ మా ఇద్దరి వంకా చూసి, చాలాసేపు ముక్కు నలుపుకున్నాడు. తర్వాత, పసిపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఈ ఆటలో బంతి గీత దాటితే ఏమీ పోదు. ఎవరికీ పరుగులు రావు. అంపైర్ దాన్ని తీసుకుని మళ్ళీ లోపలికి విసురుతాడు, ఆట సాగుతుంది, అంతే. నాకా రూల్ తెలియక కాదు, మొదటిరోజే చెప్పారు. బంతి గీతవైపు దొర్లడం చూస్తే చాలు, నా కాళ్ళకి ఆ రూల్ గుర్తుండేది కాదు. మా వీధీ, మురుగు కాలవా, మోచేతిదాకా బురదా, అన్నయ్యల నవ్వులూ గుర్తొచ్చేవి. ఆ సంగతి చెప్పాను. కోచ్ నవ్వలేదు. కిందపడ్డ మిరపకాయని తీసి సరిగ్గా ట్రే మధ్యలో పెట్టాడు.

"ఇక్కడ. గీతకి ఎంత దూరమైతే అంత దూరం."

"మధ్యలోనా?" బాబాయ్ కేక పెట్టాడు. "అక్కడ పిల్లని నలిపేస్తారండీ!"

కోచ్ చర్చ ముగిసిందన్నట్టు ఆ మిరపకాయని తీసి నోట్లో వేసుకున్నాడు. మరుక్షణం ఆయన మొహం ఎర్రబడి, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పిన్ని పెరుగు గిన్నె ఆయన ముందుకి తోసింది.

మర్నాడు నన్ను మధ్యలో నిలబెట్టారు. బాబాయ్ అన్నట్టే అక్కడ తోపులాట, కుమ్ములాట. మోకాళ్ళు గీరుకున్నాయి, జుట్టు ఊడొచ్చింది, కానీ పడితే గడ్డిమీదే పడ్డాను, బెంచీ మీద కాదు. సందులోంచి దూరడం, చేతికందిన బంతిని పక్కకి అందించడం, ఇవి చిన్నప్పుడు పదిమంది పిల్లలున్న ఇంట్లో పూరీల దగ్గర నేర్చుకున్నవే. ఆట చివరికొచ్చింది. మేము కొంచెం ముందున్నాం. అప్పుడు ఎవరో తన్నిన బంతి గంతులేసుకుంటూ గీతవైపు దొర్లింది, నేను దాని వెనకాల పరుగు. గీత అవతల మడత కుర్చీల్లో పిన్నీ బాబాయ్, వాళ్ళ మధ్య టీ ఫ్లాస్కు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. రాత్రి విన్నదంతా మర్చిపోయాడు. "చిట్టీ! డైవ్ కొట్టు! ఫోర్ పోతోంది! ఆపు!"

నా ఒళ్ళు అప్పటికే ముందుకి ఒంగిపోయింది. అటు దూరం నుంచి కోచ్ గొంతు చించుకున్నాడు. "అక్కడ కాలవ లేదు!"

ఆగాను. ఎలా ఆగానో నాకే తెలీదు, చేతులు గాలిలో ఊపుకుంటూ గీత మీద మునివేళ్ళ మీద ఆగాను. బంతి నా ముందునుంచే దాటి వెళ్ళిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక బంతిని పోనిచ్చాను. బాబాయ్ మాత్రం పోనివ్వలేదు. కాలు అడ్డంపెట్టి, బంతి తప్పి, కుర్చీతో సహా ఫ్లాస్కు మీద కూలబడ్డాడు. అంపైర్ నింపాదిగా వెళ్ళి బంతి తీసుకుని తలమీదుగా లోపలికి విసిరాడు. పోయిందనుకున్న బంతి వచ్చి నా ఎదురుగానే పడింది. దాన్ని అందుకుని పరిగెడుతుంటే సైరన్ మోగింది. నేను రెండు కాళ్ళ మీదా నిలబడే ఉన్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ సాయంత్రం బెండకాయ పాకెట్ బాబాయ్ చీలమండ మీద ఉంది. పిన్ని టీ ఇస్తూ, "ఈయన్ని ఎక్కడ నిలబెట్టాలో కూడా అడుగు మీ కోచ్‌ని," అంది. టోర్నమెంట్‌కి వెళ్ళాం, ఆడిన ప్రతి మ్యాచ్ ఓడిపోయాం, నేను ప్రతి మ్యాచ్ చివరిదాకా ఆడాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు దేనికి కంగారుపడినా, ఇంటర్వ్యూ పోయినా, వీసా ఆలస్యమైనా, బాబాయే ముందు అనేవాడు, "అక్కడ కాలవ లేదులే చిట్టీ," అని.

ఇప్పుడు పెళ్ళై, నేనూ మా ఆయనా ఫ్రిస్కోలో ఉంటున్నాం. గీత మీద మునివేళ్ళతో ఊగిసలాడిన ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, దాని మోకాళ్ళు చూసి కాస్త ఈర్ష్య కూడా పుడుతుంది. పోయిన వారం ఇక్కడి పార్కులో అదే కోలబంతి కనిపించింది. ముప్పై దాటినవాళ్ళక్కూడా జట్టు ఉందట, రమ్మన్నారు. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే, "ఆడితే ఆడు గానీ, ఆ బౌండరీ దగ్గరెక్కడైనా నిలబడు. సేఫ్‌గా ఉంటుంది," అన్నాడు. వెళ్ళి ఫ్రీజర్ తెరిచి, బెండకాయ ముక్కల పాకెట్ ఉందో లేదో చూసుకున్నాను.