పాదాలు చూసే కెప్టెన్

ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంట్లు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. దోహాలో ఓ దినపత్రికలో పనిచేస్తూ, కార్మికుల మీద కథనం కోసం అల్ ఖోర్ దగ్గరి క్యాంపుకు వారంపాటు వెళ్ళాను. అక్కడి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ది సూడాన్. వాళ్ళ దేశపు అంతర్యుద్ధంలో పదాతిదళ కెప్టెన్‌గా చిత్తడి నేలల్లో ఏళ్ళు గడిపాడు. తల పూర్తిగా నెరిసింది.

యుద్ధం గురించి అడిగి నోట్‌బుక్ తీశాను. కాల్పుల గురించి చెబుతాడనుకుంటే పాదాల గురించి చెప్పాడు.

"తెల్లారకముందే మావాళ్ళ బూట్లు విప్పించేవాణ్ణి. వేళ్ళ మధ్య చూడాలి, మడమ నొక్కాలి. తర్వాత జొన్న అంబలి. చదువురాని వాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టడం. సాయంత్రం మళ్ళీ పాదాలు. ఒకడు పుండు దాచుకుంటే మర్నాడు వాణ్ణి మోయడానికి ఇద్దరు కావాలి. చాలా రోజులు నా యుద్ధం ఇంతే."

ఎవరూ అడగకపోయినా క్యాంపులోనూ అదే చేసేవాడు. బస్సు ఎక్కేముందు కార్మికులు బెంచీల మీద కూర్చునేవారు. ఆయన ఒక్కొక్కరి ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాడు. అధికారులను చాలామందిని చూశాను గానీ, ఇలాంటి మనిషిని చూడలేదు.

మూడోరోజు, ఇనుప చువ్వలు కట్టే జగిత్యాల మనిషి ఒకతను కుంటుతూ వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నాడు. కాల్లో మేకు దిగి నాలుగు రోజులైందనీ, తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయపడుతున్నాడనీ పక్కవాడు నా చెవిలో చెప్పాడు. కెప్టెన్ చెయ్యి చాచగానే అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

"మాఫీ, మాఫీ! వద్దంటే వద్దు! గంత పెద్దమనిషి నా కాళ్ళు పట్టుడేంది? నా ఆయుష్షు తగ్గుతది. సార్, జర నువ్వన్న చెప్పు," అన్నాడు నాతో.

"నీ ఆయుష్షు ఆ బూటులనే కుళ్ళుతున్నది, ఇప్పురా!" అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు.

అందులో సాకు సగం, నమ్మకం సగం. కెప్టెన్‌కు ఇంగ్లీషులో వివరించాను. ఆయన అతని వయసు అడిగాడు. నలభై ఒకటి.

"నాకు ముప్పై ఏడు."

నేను తెలుగులో చెప్పేసరికి బెంచీల మీదివాళ్ళంతా ఆయన వైపు తిరిగారు. ఆయనకు అరవై దగ్గరపడ్డాయనే అందరం అనుకున్నాం.

జగిత్యాల మనిషి ఆ తెల్లజుట్టు వంక కాసేపు చూశాడు. "గంతేనా? నాకన్న చిన్నోడే గదా," అని తనే బూటు విప్పాడు. మడమ వాచి నల్లబడి ఉంది.

కెప్టెన్ తన జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇంకో రెండు రోజులైతే పాదం దక్కేది కాదన్నాడు డాక్టరు. ఇంటికి పంపుదామన్న కంపెనీ మేనేజరుతో కెప్టెన్, పుండు మానేదాకా అతను గేటు దగ్గర బస్సుల నంబర్లు రాస్తాడని వాదించి ఒప్పించాడు.

నేను అక్కడున్న చివరిరోజు జగిత్యాల మనిషి గేటు దగ్గర స్టూలు మీద కాలు చాపుకుని ఉన్నాడు. కెప్టెన్ వచ్చి కట్టు విప్పసాగాడు.

"మెల్లగ, తమ్మీ!"

ఆ మాటకు అర్థమేమిటని కెప్టెన్ నన్నడిగాడు. చెప్పాను. తలూపి, ఇంకాస్త మెల్లగా విప్పాడు.