మాటల్లేని మంచు పాట

నిన్న అటక దులుపుతుంటే ఒక క్యాసెట్టు దొరికింది. పెట్టె తెరవగానే పాత ప్లాస్టిక్కు, కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. పైకాగితం మీద నీలం సముద్రం, అందులో మంచుకొండ, కొండ అంచున ఆవగింజంత తెల్ల ఎలుగుబంటి ఇంకా చెక్కుచెదరలేదు. తొంభైల్లో మా ఆత్మకూరులో మంచు చూడాలంటే ఐసు బండి పెట్టెలోకి తొంగిచూడాల్సిందే. అలాంటి ఊళ్ళో ఉత్తర ధ్రువాన్ని చెవులతో చూసిన మొదటి మనిషిని నేనే, కాదన్నవాళ్ళని రమ్మనండి!

లారీ నడిపే మా మామ బొమ్మ బాగుందని మద్రాసులో కొనుక్కొచ్చాడు దాన్ని. మే నెల. ఉదయగిరి కొండల వైపు నుంచి వచ్చే వడగాలికి వీధిలో కుక్క కూడా తిరిగేది కాదు. కడప బండలు పరిచిన వసారాలో నీళ్ళు చల్లుకుని, తాటిముంజలు ఒలుచుకు తింటూ, రసం మోచేతుల దాకా కారుతుంటే లంగాలకు తుడుచుకుంటూ, పిల్లా పెద్దా అందరం టేప్‌రికార్డరు చుట్టూ చేరాం. ఎక్కడో దూరాన గాలి వీస్తున్నట్టు ఒకే స్వరం సాగుతోంది, దాని కింద బరువైన మోత, ఉండుండి సన్నగా గాజు చప్పుళ్ళు. అన్నీ కరెంటు వాయిద్యాలే. పాట ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకుని కూర్చున్నాం. ఒక వైపు అయిపోయింది, తిప్పి పెట్టాం, రెండో వైపూ అయిపోయింది. టేపులో ఒక్కరూ నోరు విప్పలేదు.

“ఏందిరా ఇది, పాడేవాళ్ళు రాలేదా?” అని నాయన మామను నిలదీశాడు.

“ఆ చలికి గొంతులు పట్టేసుంటాయిలే,” అని అవ్వ తేల్చేసింది.

నాకు మాత్రం ఆ సంగీతం పిచ్చి పట్టుకుంది. నాయన బళ్ళో అయ్యవారు, చర్చిలో పాటల పెద్ద. చర్చికి కొత్తగా వచ్చిన కీబోర్డు మీద, పొద్దున్నే ఊడ్చే వంకతో వెళ్ళి, నెలంతా ఆ మంచును చేతులకు ఎక్కించుకున్నాను. సెలవుల్లో పిల్లలకు జరిగే బైబిలు తరగతుల ముగింపు ఆదివారం వాయిస్తానన్నాను.

“మాటల్లేకుండా ఆరాధన ఏందే?”

“దేవుడికి మాటలు చెప్తేనే తెలుస్తాదా నాయనా?”

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. “సరే, వాయించు. మధ్యలో ఆపినావంటే ఇంక కీబోర్డు ముట్టుకోబాక.” అన్న మాట తప్పే మనిషి కాదు ఆయన.

మా చర్చిలో ఒక పద్ధతి ఉండేది. వాయిద్యం మోగగానే అందరూ లేచి పాటల పుస్తకం తెరవాలి, నంబరు చెప్పగానే అందుకోవాలి. నేను మొదటి స్వరం పట్టానో లేదో, చర్చి చర్చంతా లేచి నిలబడింది. పుటలు తిప్పుతున్న చప్పుడు. “పాట నంబరెంత?” అని మగవాళ్ళ వైపు నుంచి. “నంబరు చెప్పు పాపా!” అని ఆడవాళ్ళ వైపు నుంచి. నంబరుంటే కదా చెప్పడానికి! పాపం, పిల్ల పాట మరిచిపోయిందనుకుని ఒకాయన ఏదో పల్లవి ఎత్తుకుని, శ్రుతి కలవక మింగేశాడు. కాసేపటికి వెనక వరస కూర్చుంది, తర్వాత ముందు వరసలు కూడా. నాయన తల దించుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, వేళ్ళు చెమటకు జారుతున్నాయి, ఇంక ఆపేద్దామనే అనుకున్నాను.

తలెత్తితే ఆడవాళ్ళ వైపు అవ్వ ఒక్కతే నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడింది. ఇంక నన్నెవరు ఆపుతారు? చివరి స్వరం దాకా వాయించాను.

బయటికొచ్చాక, “కూర్చోవాల్సింది కదవ్వా, కాళ్ళు నొప్పులు కదా,” అన్నాను.

“పాట నడస్తా ఉండాదే, ఎట్ట కూర్చునేది?” అంటూ ఆ మండే ఎండలో పైట భుజాల చుట్టూ కప్పుకుంది. “చలేసిందమ్మే నాకు.”

మర్నాడు నాయన చర్చి తాళంచెవి నాకే ఇచ్చాడు.

ఇప్పుడు ఆ చర్చిలో ఏసీలు పెట్టారు. పాటల అక్షరాలు తెర మీద పడతాయి, నంబరు అడిగేవాళ్ళు లేరు, పుటల చప్పుడూ లేదు. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు అడిగి మరీ ఆ మంచు పాటే వాయించాను. ఒక్క స్వరం తప్పలేదు. అందరూ హాయిగా కుర్చీల్లో కూర్చుని విన్నారు, చప్పట్లూ కొట్టారు. వాయిస్తున్నంతసేపూ నేను ఆడవాళ్ళ వైపే చూశాను. నిలబడ్డవాళ్ళు ఒక్కరూ లేరు.