వాగు వైపు తిప్పిన గొట్టం

మైకు మామ చనిపోయాడని మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఇల్లందులో ఇంటి వెనక షెడ్డులో ఆంప్లిఫయర్ మూత విప్పి కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడట. దవాఖానా కాగితంలో గుండెపోటు అని ఉంది. ఆయనను ఎవరో చంపించారని ఈ నాలుగు రోజుల్లో మూడు చోట్ల విన్నాను. అది నిజం కాదు. ఆయనను కొట్టినవాళ్ళు వేరే రోజు, వేరే ఊళ్ళో, సభ నిండా జనం చూస్తుండగా కొట్టారు. ఆ దెబ్బలతో ఆయన ఇంకో మూడేళ్ళు బతికాడు.

జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. అది రాసింది నేనే. ఆ నాలుగు లైన్లు చాలవు కనుక ఇది రాస్తున్నాను.

నాకు ఆయన ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఏ సభకైనా మొదట వచ్చేది మైకు సెట్టు వాళ్ళే, ఆఖర్న కదిలేదీ వాళ్ళే. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు జనం ఎంతమంది వచ్చారో అంచనా వేయడం నాకు చేతనయ్యేది కాదు. ఆయన్ను అడిగేవాణ్ణి.

“నాయకుడు చెప్పినదాంట్ల సగం చెయ్, అండ్ల మల్ల సగం చెయ్. గది రాయ్ పేపరల్లుడా. గది గూడ ఎక్కువనే.”

అప్పటినుంచి నేను పేపరల్లుణ్ణి, ఆయన మైకు మామ. ఆయన కిరాయికి వెళ్ళని పార్టీ లేదు. ఏ జెండా వాళ్ళు పిలిచినా ఆ ట్రాలీ ఆటోయే, ఆ డబ్బాలే, ఆ వైర్లే. ఎవరికి ఓటేస్తావని ఎవరైనా అడిగితే, “గొట్టానికి” అనేవాడు. ఇనుప లౌడ్‌స్పీకర్లను ఆయన ఎప్పుడూ గొట్టాలనే అనేవాడు.

మైకు పరీక్షించేటప్పుడు అందరిలా అంకెలు లెక్కపెట్టేవాడు కాదు. ఆ ఊరి పేరు చెప్పి, “ఎనకున్నోళ్ళకు ఇనబడుతుందా?” అని అడిగేవాడు. ఎవరో తువ్వాలు ఎగరేసేదాకా సభ మొదలుకానిచ్చేవాడు కాదు. నాయకుడు కారు దిగి వచ్చి నిలబడ్డా అంతే. “ఆగండ్రి సార్, ఎనక ఇంక తువ్వాల లేవలే.”

ఆయనకు నాలుగు గొట్టాలు ఉండేవి. మూడు జనం వైపు కట్టేవాడు. నాలుగోదాన్ని ఆ ఊళ్ళో అన్నిటికంటే దూరంగా ఉన్న ఇళ్ళ వైపు తిప్పి కట్టేవాడు. దాని కోసం అదనంగా వైరు లాగాలి, ఇంకో చెట్టెక్కాలి. అందుకు పైసా కూడా ఎక్కువ తీసుకునేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. ఆయన తండ్రి బొగ్గు బావిలో పనిచేసేవాడు. తల్లికి నడుములు పడిపోయి క్వార్టరు దాటి బయటికి వచ్చేది కాదు. కార్మికుల సభలు జరిగేటప్పుడు అప్పటి మైకు అతను ఒక గొట్టం క్వార్టర్ల వైపు తిప్పేవాడట. ఆమె మంచం మీద పడుకునే అన్నీ వినేది. భర్త ఇంటికి వచ్చేసరికి ఎవరేం మాట్లాడారో ఆమే చెప్పేది.

“రాలేనోళ్ళు గూడ ఊరోళ్ళే గద అల్లుడా” అన్నాడు.

మూడేళ్ళ కిందటి ఎన్నికల ప్రచారంలో ఆ నాలుగో గొట్టాన్ని ఆయన ఒక వాగు వైపు తిప్పి కట్టాడు. కేసు నడుస్తోంది కనుక ఊరి పేరు రాయడం లేదు. భద్రాచలం దిక్కున, అడవి అంచున ఉన్న ఊరు. వాగు అవతల సుమారు ఇరవై గుడిసెలు. సరిహద్దు అవతలి అడవుల్లో కాల్పులకు, తగలబెట్టడాలకు భయపడి వచ్చి అక్కడ ఆగినవాళ్ళవి. మిరపకోతల్లో ఈ ఊరి రైతుల దగ్గరే కూలికి వెళ్ళేవాళ్ళు. ఆ చేలల్లోనే తెలుగు నేర్చుకున్నారు. కొందరికి ఓట్లు కూడా ఉన్నాయి. అందుకే మామ వాగు గట్టున ఇప్పచెట్టెక్కి గొట్టం కట్టాడు. నేను చూస్తుండగానే కట్టాడు. కింద నిలబడి వైరు అందించింది ఆ గుడిసెల్లోని ఒక పడుచువాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. “గట్టిగ పట్టుకో బిడ్డా, నేను పడితే మీ అభ్యర్థి మూగోడైతడు” అని మామ అంటే నవ్వాడు.

సాయంత్రం నాలుగింటికి సభ మొదలైంది. అభ్యర్థి వచ్చేలోపు జనాన్ని కూర్చోబెట్టడం మండల నాయకుడి పని. అతను గొంతులు అనుకరించగలడు, హాస్యం బాగా చెబుతాడని పేరు. ఆ రోజు వాగు అవతలివాళ్ళ మీద చెప్పాడు. మొదట, రేషన్ దుకాణంలో వాళ్ళు బియ్యం ఎలా అడుగుతారో వాళ్ళ యాసలో చేసి చూపించాడు. జనం నవ్వారు. తర్వాత, “ఆళ్ళ గుడిసెల పిల్లల్ని లెక్కపెట్టకుండ్రి, కోడిపిల్లలల్ల కలిసిపోతరు” అన్నాడు. ఇంకా ఎక్కువ నవ్వారు. మూడోది ఇది.

“ఆళ్ళు ఎర్రచీమల పచ్చడి తింటరు గదా. అడవిల చీమలు ఒడిసినయ్. ఇగ ఆ చీమలే మీ భూముల మీదికి ఎక్కినయ్. చీమలెక్కితే మనమేం చేస్తం? గింత మందు చల్లుతం.”

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ముందు వరసలో ఒకతను లేచి చేత్తో పొలంలో మందు చల్లుతున్నట్టు చేసి చూపించాడు. నేను పుస్తకంలో ఒక లైను రాసుకుని, ఫోన్ సిగ్నల్ కోసం మెయిన్ రోడ్డుకు నడిచాను. పేజీకి టైమవుతోంది. తనదైన శైలిలో చలోక్తులు విసురుతూ సభికులను నవ్వుల్లో ముంచెత్తారు అని పంపించాను. ఆ వాక్యాన్ని అంతకుముందు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

ఇక్కడినుంచి రాసేది కోర్టులో సాక్షులు చెప్పినది.

వాగు అవతలి గుడిసెల్లో ప్రతి మాటా వినపడింది. మాటల వెనక నవ్వులూ వినపడ్డాయి. వైరు అందించిన పడుచువాడు, ఇంకో ఇద్దరు వాగు దాటి స్టేజీ దగ్గరికి వచ్చారు. ముగ్గురి చేతుల్లో ఏమీ లేదు. పడుచువాడు అడిగింది ఒక్కటే మాట. “చీమలంటే ఎవలు సార్?”

మండల నాయకుడు మైకులోనే జవాబిచ్చాడు. “సూడుండ్రి, పిలవకుండనే బెల్లం కాడికొచ్చినయ్.”

మళ్ళీ నవ్వారు. ఆ నవ్వులోనే మొదటి దెబ్బ పడింది. వెదురు జెండాకర్ర, తల మీద. పడుచువాడు కూలిపోయాక కూడా కొట్టారు. మిగతా ఇద్దరిలో ఒకరి పళ్ళు రాలాయి, ఇంకొకతను కంప మీదుగా దూకి పారిపోయాడు. మామ ఆంప్లిఫయర్ వైరు పీకేశాడు. “మైకు పెట్టు” అని అరిచారు. ఆయన వైరు వదల్లేదు. మైకు స్టాండు అడుగున ఉండే ఇనుప దిమ్మతో ఆయన కుడి మణికట్టు మీద కొట్టారు. రెండో దెబ్బ ఎడమ చెవి మీద తగిలింది. ఆ చెవితో ఆయన మళ్ళీ వినలేదు. వైరు వాళ్ళే పెట్టుకున్నారు. మోటారు సైకిళ్ళ నుంచి పెట్రోలు సీసాల్లోకి తీసుకున్నారు. “చీమల మందు, చీమల మందు” అని కేకలేస్తూ యాభై, అరవై మంది వాగు దాటారు.

గుడిసెలన్నీ కాలిపోయాయి. కట్టేసిన మేకలు కాలిపోయాయి. కూలి కింద తెచ్చుకున్న ఎండుమిరపకాయలు ప్రతి గుడిసెలోనూ ఉన్నాయి. ఆ ఘాటు పొగ వాగు దాటి సభ మీదికి వచ్చింది. స్టేజీ మీదివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ దగ్గుతూ కార్లెక్కారు. పడుచువాడు భద్రాచలం తీసుకెళ్తుండగా దారిలో చనిపోయాడు. అతని భార్యకు అప్పుడు ఆరో నెల.

మర్నాడు పేపర్లో రెండు వార్తలు వచ్చాయి. మొదటి పేజీలో ఘర్షణ, ఒకరి మృతి. లోపలి పేజీలో నా నవ్వులు. దవాఖానాలో మామ చేతికి పట్టీతో, చెవికి దూదితో పడుకుని ఉన్నాడు. దుప్పటి మీద ఆ లోపలి పేజీ ఉంది.

“నవ్విండ్రని రాసినవ్. ఎవర్ని జూసి నవ్విండ్రో రాయకపోతివి” అన్నాడు. కోపంగా అనలేదు. “మొదటిదానికి నేను గూడ నవ్విన. ఆ గొట్టం అటు కట్టింది నేనే” అన్నాడు.

పోలీసు కాగితాల్లో మొదట పోడు భూమి తగాదాలో రెండు వర్గాల ఘర్షణ అని ఉంది. కర్రలు పట్టినవాళ్ళ పేర్లున్నాయి. మండల నాయకుడి పేరు లేదు. అతని పేరు చేరాలంటే మైకులో అతను ఏమన్నాడో ఎవరో ఒకరు చెప్పాలి. వాగు అవతలివాళ్ళు చెబితే అది తగాదాలో ఒక వర్గం మాట అన్నారు. వీడియో తీసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అడిగితే ఎవరి ఫోన్లోనూ లేదు. సభకు వచ్చినవాళ్ళను అడిగితే, తాము వెనక ఉన్నామని, సరిగా వినపడలేదని చెప్పారు. మామ కూతురు ఆ మాట చెప్పినప్పుడు ఆయన, “ఎనక తువ్వాల లేసింది. నేను జూసిన” అన్నాడట.

మామ వాంగ్మూలం ఇచ్చాడు. ఇచ్చిన వారానికే ఇద్దరు షెడ్డుకు వచ్చి కొత్త డిజిటల్ సెట్టు కొనిస్తామన్నారు. ఆయన వద్దన్నాక ట్రాలీ ఆటో అద్దం పగిలింది. ఆ తర్వాత ఏ పార్టీ వాళ్ళూ పిలవలేదు. ఎవరి సభలో అయినా ఏదో ఒకటి అంటారు, అది విని గుర్తుపెట్టుకునే మైకు అతను ఎవరికీ అక్కర్లేదు. పెళ్ళిళ్ళు, జాతరలు మిగిలాయి. చెట్లెక్కడం కూతురు నేర్చుకుంది. ఎడమచేత్తో వైర్లు కలపడం ఆయన నేర్చుకున్నాడు. మూడే గొట్టాలు కట్టేవాళ్ళు. నాలుగోది షెడ్డులో గోడ వైపు మూతి పెట్టి ఉండేది.

ఆయన సాక్ష్యం నాలుగుసార్లు వాయిదా పడింది. అప్పటికే గుండెకు మందులు వాడుతున్నాడు. ప్రతి వాయిదాకూ కూతురి బండి మీద వెనక కూర్చుని వచ్చేవాడు. “సాక్ష్యం చెప్పేదాక గుండెకు గూడ వాయిదా ఇయ్యిండ్రని చెప్పిన” అనేవాడు.

చివరికి గత నెలలో పిలిచారు. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. నిందితుల లాయరు మా పేపరు తీసి చదివాడు. చలోక్తులు అని పత్రికే రాసింది, జోకులే కదా అన్నాడు.

“రాసినాయన నాకు అల్లుడు లెక్క సార్. ఆయన నవ్వుడు ఇన్నడు. నేను మాట ఇన్న. మైకు నాది.”

“అయితే ఆ మాటలు చెప్పండి” అన్నాడు లాయరు. ముసలాయన తడబడతాడని అనుకున్నట్టున్నాడు.

మామ చెప్పాడు. గొంతు మార్చలేదు, చేతులు ఊపలేదు. రేషన్ దుకాణం, కోడిపిల్లలు, చీమలు, మందు. ఒకదాని తర్వాత ఒకటి, సామాను జాబితా చదివినట్టు చెప్పాడు. టైపు చేసే ఆమె రెండుచోట్ల ఆపి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు. కోర్టు హాలు నిండా జనం ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. అవే మాటలు.

“మీరు నవ్వలేదా?” అని లాయరు అడిగాడు.

“మొదటిదానికి నవ్విన సార్. గది గూడ రాసుకోండ్రి.”

అదీ టైపయింది. క్రాస్ ఎగ్జామినేషన్ పూర్తయింది కనుక సాక్షి చనిపోయినా సాక్ష్యం నిలుస్తుందని లాయర్లు చెబుతున్నారు. తీర్పు ఇంకా రాలేదు. నన్ను ఈ కేసులో ఎవరూ సాక్షిగా పిలవలేదు. పిలవమని నేనూ అడగలేదు. మొన్న గురువారం ప్రభుత్వ లాయరును కలిసి అడిగాను.

బుధవారం అంత్యక్రియలకు పార్టీల వాళ్ళు ఎవరూ రాలేదు. వాగు అవతలివాళ్ళు వచ్చారు. ఇప్పుడు వాళ్ళు ఇంకా లోపల, అడవిలో ఉంటున్నారు. రోడ్డు దాకా నడిచి, అక్కడినుంచి రెండు ఆటోల్లో వచ్చారు. పడుచువాడి భార్య చంకలో రెండేళ్ళు దాటిన పాప ఉంది. కట్టెలు పేరుస్తుంటే నా పక్కన నిలబడి తనే మాట్లాడింది.

“ఆ గొట్టంల మందు అన్నప్పుడే మేం పిల్లల్ని తీస్కొని అడవిలకు ఉరికినం సార్. మా ఊళ్ళె గట్లనే అయింది. ముంగట మాట వస్తది, ఎనక మంట వస్తది. మాకు ఎరుకే. గొట్టం అటు లేకుంటే మేం అన్నం వండుకుంట కూసుందుము. పిల్లలందరు కాలిపోదురు.”

గుడిసెలన్నీ కాలినా లోపల ఒక్కరు కూడా ఎందుకు చనిపోలేదో మూడేళ్ళలో నేను ఎవరినీ అడగలేదు.

“ఈ సంగతి మామకు చెప్పినవా?”

“అవ్. కోర్టు కాడికి వచ్చినప్పుడల్ల చెప్పిన. పక్కన కూసొని చెప్పిన. తల ఊపెటోడు.”

“ఏమన్నాడు?”

“నీ మొగని చేతిలకెల్లి వైరు అందుకున్న చెయ్యి ఇదే అని ఆ ఇరిగిన చెయ్యి సూపెటోడు.”

మామ కూతురే తలకొరివి పెట్టింది. శవాన్ని తెచ్చింది ఆ ట్రాలీ ఆటోలోనే. అందరూ కదిలాక చూశాను. ట్రాలీకి ముందు మూడు గొట్టాలు బిగించి ఉన్నాయి. నాలుగోదాన్ని కూతురు షెడ్డులోంచి తీసి వెనక వైపు తిప్పి కట్టింది. శవం వెంట ఆఖర్న నడిచి వచ్చింది వాగు అవతలివాళ్ళే. దానిలోంచి ఏమీ రాలేదు, ఆంప్లిఫయర్ మూత ఇంకా విప్పే ఉంది. వాళ్ళు ఆటోలెక్కేటప్పుడు పాప తల్లి భుజం మీదనుంచి ఆ గొట్టం లోపలికి చూస్తోంది.