రెండో దెబ్బ

పెద్దాపురం హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ ఊళ్ళో నాకు బంధువులెవరూ లేరు. ఉన్నది ముగ్గురు స్నేహితులు. వాళ్ళు కూడా గ్రామఫోను రికార్డుల పుణ్యమా అని దొరికినవాళ్ళే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బజారులోని ఒక ఇనుప సామాను కొట్టు మేడ మీద కలిసేవాళ్ళం. ఆ కొట్టు షావుకారు గారికి యాభై దాటాయి. ప్లేయరు ఆయనదే. నాదస్వరమంటే ఆయనకి ప్రాణం. పాత లక్క రికార్డులు బీరువా నిండా ఉండేవి, ఒక్కొక్క దాన్నీ ఉత్తరీయం కొంగుతో తుడిచిగానీ ప్లేయరు మీద పెట్టేవారు కాదు. రెండో అతను తాలూకా ఆఫీసులో గుమాస్తా, నా ఈడువాడు, పద్యనాటకాల పిచ్చి. మూడో ఆయన మిషను స్కూల్లో తెలుగు మాస్టారు, చర్చిలో హార్మోనియం వాయించేవారు. మేమంతా ఆయన్ని హార్మోనియం మాస్టారనే పిలిచేవాళ్ళం.

వారానికొకరి వంతు. ఎవరి వంతైతే వాళ్ళు, పుట్టి బుద్ధెరిగాక విన్నవాటిలో అన్నిటికంటే గొప్పదనుకున్న రికార్డు తేవాలి. అది ఎందుకు గొప్పదో చెప్పాలి. మిగతా ముగ్గురం ఒప్పుకోవచ్చు, దెబ్బలాడొచ్చు. ఎక్కువగా దెబ్బలాడేవాళ్ళం.

"ఒక్క పాట బావున్నంత మాత్రాన రికార్డు గొప్పదైపోదండి. రెండు వైపులా చివరిదాకా మనిషిని కూర్చోబెట్టాలి," అనేవారు హార్మోనియం మాస్టారు.

"మా రోజుల్లో ప్లేటుకి మూడు నిమిషాలేనండి. ఆ మూడు నిమిషాల్లోనే చెప్పాల్సిందంతా చెప్పెయ్యాలి. అదీ మొనగాడితనం," అనేవారు షావుకారు గారు.

హార్మోనియం మాస్టారు తన వంతుకి ఒక దొరసాని డాక్టరు వెళ్ళిపోతూ ఇచ్చిన ఆర్గాన్ రికార్డు తెచ్చారు. మా ముగ్గురికీ ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, చాప మీద పది వేళ్ళూ ఆడిస్తూ, ఇదిగో ఇక్కడ ఎడమచెయ్యి కుడిచేతికి జవాబు చెబుతోందండీ అని గంటసేపు విడమర్చి చెప్పారు.

నాకున్నది ఒక్కటే ఎల్‌పీ, వయొలిన్ కచేరీ. చిన్నప్పుడు కాఫీ హోటలు రేడియో దగ్గర నిలబడి పాటలు వింటున్నానని మా నాన్న నన్ను నడివీధిలో బెల్టుతో కొట్టాడు. బకిలు తగిలిన మచ్చ ఇప్పటికీ వీపు మీద ఉంది. ఆయన పోయాక ఆయన చెయ్యి నాకొచ్చింది. క్లాసులో బెత్తం విరిగేదాకా కొట్టిన రోజులున్నాయి. అరచేతులు వాచిన పిల్లలు నా వెనకే ఏడుస్తుంటే స్టాఫ్ రూముకి వెళ్ళి తాపీగా టీ తాగేవాణ్ణి. ఆ రికార్డు రెండో వైపు ఆఖరి పది నిమిషాలు విన్నప్పుడు మాత్రం నా పిడికిళ్ళు వాటంతటవే విచ్చుకునేవి. అందుకే అది నాకు గొప్పది. ఈ మాట వాళ్ళకి చెప్పలేదు. రాగం గురించీ కమాను పట్టు గురించీ ఏవేవో చెప్పాను.

ఆ తర్వాతి ఆదివారం గుమాస్తా వంతు. నాటక పద్యాల రికార్డులు మూడు, గుడ్డలో చుట్టి తెచ్చాడు. వాళ్ళ నాన్న ఒకప్పుడు రాజు వేషాలు వేసేవాడు. మరిడమ్మ జాతరలో తాగి వేదిక మీంచి పడి, రెండ్రోజులకి ఆసుపత్రిలో పోయాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

రికార్డు తిరుగుతుంటే గుమాస్తా కళ్ళు చెమర్చాయి. "ఈ పద్యం మా నాన్న అచ్చం ఇలాగే ఎత్తుకునేవారండి. ఇంతకంటే గొప్ప రికార్డు నేను వినలేదు. ఇక వినను కూడా," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. తండ్రి గురించి ఒక కొడుకు అంత ప్రేమగా మాట్లాడటం నాకు ఒళ్ళు మండించిందేమో. "ఇది సంగీతమేంటండి? తాగినోడి అరుపులు," అన్నాను.

"తప్పు మాస్టారూ," అన్నారు షావుకారు గారు.

తప్పని నాకూ తెలుసు. ఆ రికార్డు తీసేసి, కిందటి వారం తెచ్చి అక్కడే ఉంచిన నా ఎల్‌పీ రెండో వైపు పెట్టాను. "సంగీతమంటే ఇదీ. వినండి," అన్నాను.

గుమాస్తా పావుగంట కదలకుండా కూర్చున్నాడు. ఆఖరి భాగం మొదలయ్యాక లేచి ప్లేయరు దగ్గరికి వెళ్ళాడు. ముల్లు మీద బొటనవేలు ఆనించి, నొక్కిపెట్టి, అంచు దాకా బలంగా ఈడ్చాడు. స్పీకర్లోంచి వచ్చిన ఆ చప్పుడు గొంతు కోసిన జంతువు చేసే చప్పుడులా ఉంది.

కిటికీ రెక్కకి ఆనించే ఇనప కడ్డీ ఒకటి అక్కడుండేది. అది నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. గుమాస్తా తలకి గురిపెట్టి ఎత్తాను.

"ఏంటండీ ఇది! కొడతారేంటండి!" అంటూ హార్మోనియం మాస్టారు మధ్యలోకొచ్చి చెయ్యి అడ్డం పెట్టారు. కడ్డీ ఆయన కుడిచేతి మీద పడింది. ఎండు పుల్లలు విరిగినట్టు చప్పుడైంది. ఆయన అరవలేదు. చెయ్యి కడుపులోకి ముడుచుకుని కింద కూర్చుండిపోయారు. రెండు వేళ్ళు వెనక్కి వంగి ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా, గుమాస్తా వైపు తిరిగి మళ్ళీ కొట్టాను. అది మూతి మీద తగిలింది. అతను గోడకి జారగిలబడ్డాడు. పన్నొకటి చాప మీద పడింది. మూడోసారి ఎత్తేసరికి షావుకారు గారు వెనకనుంచి నా మెడ పట్టుకుని నేలకేసి అదిమారు. ఆ వయసులో ఆయనకంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

ఆసుపత్రికి నేనూ వాళ్ళ వెనకే వెళ్ళాను. డాక్టరు అడిగితే, కొట్టు షట్టరు కింద చెయ్యి పడిందన్నారు హార్మోనియం మాస్టారు. షావుకారు గారు అవునని తలూపారు. బయటికొచ్చాక నాతో, "మీరింక మా మేడ ఎక్కొద్దండి," అని ఒక్క మాటన్నారు.

నాలుగో రోజు పొద్దున్న కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ స్కూలుకి వెళ్తున్నాను. గుమాస్తా, అతని ఇద్దరు బావమరుదులు అడ్డంగా నిలబడ్డారు. సైకిలు కాలవలోకి విసిరేశారు. బావమరుదులిద్దరూ నా చేతులు పట్టుకుంటే గుమాస్తా టేకు బద్దతో కొట్టాడు. పెదవి కుట్లు ఇంకా విప్పలేదతనికి. కొట్టే ప్రతిసారీ ఆ కుట్ల మధ్యనుంచి, "అరుపులెలా ఉన్నాయండి మాస్టారూ? సంగీతంలా ఉన్నాయాండి?" అని అడిగాడు. అప్పుడు కూడా అండీ అనడం మానలేదు. మొదట్లో నోరు బిగించాను. భుజం ఎముక విరిగినప్పుడు మాత్రం అరిచాను. నా అరుపు నాకే వినపడి, నాకు పదేళ్ళప్పుడు బెల్టు కింద అరిచింది గుర్తొచ్చింది.

నేను పోలీసు స్టేషనుకి వెళ్ళలేదు. అతనూ వెళ్ళలేదు. గదిలో మంచం మీద పడున్నాను. మేడ ఎక్కొద్దన్న షావుకారు గారే రెండు పూటలా క్యారేజీ పంపారు. చెయ్యి కదిపితే కళ్ళలో నీళ్ళొచ్చేవి.

వారం తర్వాత ఒక సాయంత్రం హార్మోనియం మాస్టారు వచ్చారు. కుడిచేతికి పిండికట్టు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నన్ను క్షమించండి," అన్నాను.

"పాస్టరు గారు కూడా అదే చెప్తున్నారండి, క్షమించమని. రోజూ ప్రార్థన చేస్తున్నాను. నావల్ల కావట్లేదు," అన్నారు. గొంతులో కోపం లేదు. "ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి. మొదటి దెబ్బ నాకు తగలాలని కొట్టలేదు, తెలుసు. నా వేళ్ళు చూశారు కదా. చూశాక కూడా రెండో దెబ్బ ఎందుకు కొట్టారండి?"

అబద్ధం చెప్పొచ్చు. ఒళ్ళు తెలీలేదని చెప్పొచ్చు. ఆయన ముఖం చూశాక అబద్ధం ఆడలేదు.

"బావుందండి," అన్నాను. "కొడుతుంటే బావుంది."

ఆయన తలాడించారు. లేచి, ఎడమచేత్తో గొడుగు తీసుకుని, "నిజం చెప్పారు," అని వెళ్ళిపోయారు.

భుజం నయమై స్కూలుకెళ్ళిన మొదటి రోజున బెత్తం విరిచి కిటికీలోంచి పారేశాను. దాంతో మారిపోయానని చెప్పను. రెండు నెలలకి ఒక పిల్లాడు ఎదురు చెబితే చెయ్యెత్తాను. వాడు తల దాచుకోవడానికి పెట్టుకున్న చేతివేళ్ళు కనపడి, ఎత్తిన చెయ్యి దించలేక, క్లాసు వదిలి బయటికొచ్చేశాను. ఆ తర్వాత ఎవరినీ కొట్టలేదు. కొట్టాలనిపించడం మాత్రం చాలా ఏళ్ళు పోలేదు.

గుమాస్తా, నేనూ బస్టాండులో ఎదురుపడితే తలలూపుకునేవాళ్ళం. ఒకసారి టీ కొట్టులో నా పక్కనే కూర్చుని, "భుజం ఎలా ఉందండి?" అని అడిగాడు. "మీ పెదవి?" అని నేనడిగాను. ఇద్దరం కొట్టుకున్నవాళ్ళం కాబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకోగలిగాం. హార్మోనియం మాస్టారు అటుగా వస్తుంటే మాత్రం ఇద్దరం తలలు దించేసుకున్నాం.

మరుసటేడు నాకు మొగల్తూరుకి బదిలీ అయింది. వెళ్ళే ముందు చెప్పిపోదామని ఆయన ఇంటికి వెళ్ళాను. లోపల హార్మోనియం మోగుతోంది. ఏదో చర్చి పాట. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు కాబట్టి కొన్ని స్వరాలు పడటం లేదు. అవి పడాల్సిన చోట ఆగి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ అక్కడే ఆగుతున్నారు.

ఆయన భార్య గుమ్మంలోకొచ్చి నన్ను చూసి, లోపలికి వెళ్ళి చెప్పారు. హార్మోనియం ఆగలేదు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఆయన రారండి, ఏమీ అనుకోకండి," అన్నారు.

నీళ్ళు తాగి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, పాట పూర్తయ్యేదాకా వీధి అరుగు పక్కనే నిలబడ్డాను. తర్వాత బస్టాండుకి నడిచాను.