దీపావళి లేని ఇల్లు

ఈసారి దీపావళికి ముందురోజు సాయంత్రం నేను కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చేసరికి రేపల్లెలో మా ఇంటి వరండా మీద గోనెపట్టాలో చుట్టిన కట్ట ఒకటి పడి ఉంది. విప్పకముందే వాసన పట్టేసింది. ముదిరిన గోంగూర కాడల వాసన, పచ్చినారా పులుపూ తడిమట్టీ కలిసిన వాసన. మా వైపు దీపావళి సాయంత్రం ఈ గోగుకాడల చివర నూనెలో ముంచిన గుడ్డపీలికలు చుట్టి, వెలిగించి, పిల్లలు గుమ్మం ముందు నేలకేసి కొడుతూ నాగుల చవితిని త్వరగా రమ్మని కేకలేసి పిలుస్తారు. ఆ తర్వాత కాళ్ళు కడుక్కుని, వెనక్కి చూడకుండా లోపలికొచ్చి తీపి తింటారు. టపాకాయలైనా చిచ్చుబుడ్లైనా ఆ తర్వాతే. తెనాలి పక్కన అంగలకుదురులో మా పాత ఇంటి పక్కింటి అమ్మాయి షాహీన్ ఏటా ఈ కాడల్ని కోయించి, బస్సులో వేయించి, నాకు ఫోను చేస్తుంది. ఈసారి ఆ పిల్లా ఫోను చెయ్యలేదు, నేనూ అడగలేదు. అడక్కపోవడానికి కారణముంది. పోయిన దీపావళి రోజు పొద్దున ఈ ఇంట్లోనే మా అమ్మ పోయింది.

కట్ట వచ్చిన రోజు పొద్దున్నే బాపట్ల నుంచి మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్కగారు, ఫోనులో ఖరాఖండీగా చెప్పేసింది. "మీకింక దీపావళి లేదే తల్లీ. పొద్దున తద్దినం పెట్టుకుని సాయంత్రం దీపాలేంటి? మీ ఇంట్లో ఆ రోజున మళ్ళీ ఒక కాన్పు అయిందాకా అంతే." ఆవిడ కోపంతో అనలేదు, చెల్లెలు పోయిన దుఃఖంతో అంది.  దీపావళి లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు మాత్రం తెలుసు. నేను పెరిగింది అలాంటి ఇంట్లోనే.

ఈ ఆచారం అన్ని ఇళ్ళలోనూ లేదు గానీ ఉన్న ఇళ్ళలో గట్టిగానే ఉంది. పండగ రోజున ఇంట్లో ఎవరైనా పోతే ఆ పండగ ఆ ఇంటికి పోయినట్టే. మళ్ళీ ఎప్పుడో అదే పండగ రోజున ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేదా ఆవు ఈనాలి. అప్పుడు గానీ పండగ తిరిగి రాదు. ఏడాది సూతకం లాంటిది కాదు ఇది, దీనికి గడువంటూ లేదు.

మా ఇంట్లో అలా పోయినవాడు మా బాబాయి, నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళి కాలేదు. దసరా వెళ్ళిన మర్నాటి నుంచీ ఆయనకి దీపావళి పనే. జిల్లేడు కర్రలు కాల్చి బొగ్గు చేసేవాడు, రోట్లో నూరేవాడు, అమ్మ పాతచీర గుడ్డలోంచి జల్లించి వస్త్రకాళితం పట్టేవాడు, సూరేకారం, గంధకం కొలిచి కలిపి, పాత పేపర్లు చుట్టి మతాబులు కూరేవాడు. కూరినవి డాబా మీద ఎండకి పెడితే, మబ్బు పట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదీ పరుగెత్తి పైకెక్కి చేటల్లో ఎత్తుకొచ్చేవాళ్ళం. గోళ్ళ సందుల్లో నల్లటి మసితోనే అన్నం తినేవాడు, నాన్నమ్మ తిడుతూనే మారువడ్డన చేసేది. నేను బళ్ళో చేరిన ఏడు ఆయనకి పచ్చకామెర్లు వచ్చాయి. నాటుమందు వేశారు, తెనాలి ఆసుపత్రికీ తీసుకెళ్ళారు. దీపావళి మధ్యాహ్నం పోయాడు. ఆయన చుట్టిన మతాబులు చేటలో అలాగే ఉండిపోయాయి. తర్వాత వాటిని నాన్న పంటకాలవలో పోసి వచ్చాడు.

ఆ తర్వాతి దీపావళులన్నీ నాకు ఒకే సాయంత్రంలా గుర్తున్నాయి. పొద్దుగూకే వేళకి నాన్నమ్మ వీధి తలుపూ కిటికీలూ వేయించేది. ఇంట్లో ఆ రోజు పోపు ఘుమాయించకూడదు, బాణలి పెట్టకూడదు, కొత్తగుడ్డ కట్టకూడదు. చప్పిడి పప్పూ అన్నం తిని మంచాల మీద కూర్చునేవాళ్ళం. బయట వీధంతా ఢాంఢామ్మంటుంటే కిటికీ రెక్కల సందులోంచి పచ్చగా ఒకసారి, ఎర్రగా ఒకసారి వెలుతురు పడి గోడ మీద పటాలు కనిపించి మాయమయ్యేవి. చప్పుడయినప్పుడల్లా నాన్నమ్మ ఉలిక్కిపడి, కొంగు నోట్లో కుక్కుకునేది. ఆవిడ ఏడ్వడం నేనెప్పుడూ వినలేదు, బాబాయి పోయిన రోజు కూడా. మర్నాడు బళ్ళో పిల్లలంతా ఎన్ని కాల్చారో, ఎవరి చెయ్యి కాలిందో చెప్పుకుంటుంటే నేను తల వంచుకుని పలక తుడిచేదాన్ని.

ఒక ఏడు అమ్మ ధైర్యం చేసి, పిల్లని బాపట్ల పంపిద్దాం అత్తయ్యా, మా పుట్టింట్లో కాల్చుకుంటుంది అని అడిగింది. "బాపట్ల పోతే మటుకు అది మనింటి పిల్ల కాకుండా పోద్దా ఏంటి?" అంది నాన్నమ్మ.  కానీ పిల్లలు అలా చీకట్లో కూర్చోవడం ఆవిడకి మాత్రం సంతోషమా? తనే గిరి గీసుకుంది, తనే అందులోంచి బయటికి రాలేకపోయింది. అందుకే ఎప్పుడు ఎవరు పుడతారా అని మాకంటే ఎక్కువగా ఎదురుచూసింది ఆవిడే.

ఆ ఎదురుచూపు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మా గేదె ఒక దీపావళి పొద్దున ఈనింది. నాన్నమ్మ అంత చలిలోనూ తలస్నానం చేసి శాస్త్రిగారింటికి పరుగెత్తింది. ఆయన గేదె చెల్లదు, గోవే కావాలన్నాడు. ఆ సాయంత్రం గేదెకి తవుడు కూడా సరిగ్గా పెట్టలేదావిడ. తర్వాత అమ్మ కడుపుతో ఉంటే, నెలలు లెక్కేసి సరిగ్గా దీపావళికే అని మురిసిపోయింది. మా తమ్ముడు తీరిగ్గా నాగుల చవితి దాటాక పుట్టాడు. కడుపుకోత తీర్చే మనవడు పుట్టాడనే సంతోషం ఒకపక్కా, ఆ మాత్రం తొందరపడలేకపోయాడనే కినుక ఇంకోపక్కా. వాడు పెద్దయ్యాక కూడా బడికి ఆలస్యమైతే "వీడు పుట్టడమే ఆలస్యంగా పుట్టాడు" అని సణిగేది.

చివరికి నాన్న, లెక్కలు చెప్పే పంతులు గదా, లెక్క చూసుకుని మరీ రేపల్లె వైపు ఏదో ఊళ్ళో చూలుతో ఉన్న ఆవుని బేరమాడి తెచ్చాడు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరిగాం. అది నరకచతుర్దశి తెల్లవారుతుండగానే చక్కగా ఈని, దూడని నాకుతూ నిలబడింది. ఇంకొక్క రోజు ఆగలేకపోయావటే అని నాన్నమ్మ దాని గంగడోలు నిమురుతూ అడిగిన తీరు చూస్తే ఎవరికైనా జాలేసేది. 

ఆ మర్నాడే, అంటే దీపావళి సాయంత్రమే, అసలు సంగతి జరిగింది. మా పక్కింట్లో మస్తాన్ అని సైకిళ్ళు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆయన భార్య ఫాతిమాకి తొలికాన్పు, ఇంకా రోజులున్నాయని పుట్టింటికి వెళ్ళలేదు. మసకచీకటి పడుతుంటే పెరటి గోడ అవతల నుంచి కేక వినిపించింది. వీధిలో ఎవరో వాళ్ళ గుమ్మం ముందే పెద్ద బాంబు పేల్చారట, ఆ అదురుకి నొప్పులు మొదలయ్యాయి. మస్తాన్ కొట్టు దగ్గరే ఉన్నాడు. టపాకాయల మధ్య రిక్షా ఎవడొస్తాడు? నాన్నమ్మ ఒక్క క్షణం నిలబడి, పెరటి తలుపు తీసుకుని వెళ్ళి ఆ అమ్మాయిని నడిపించుకుంటూ మా ఇంటికి తీసుకొచ్చేసింది. "వీధిలో చప్పుడు లేని కొంప మనదొక్కటే. వెనకింట్లో పడుకో తల్లీ, ఇక్కడికి ఏ బాంబులూ రావు" అంది. నన్ను వీధి చివరి నర్సమ్మ కోసం పరుగెత్తించింది.

వెనకింట్లో, అంటే బాబాయి పడుకునే గదిలో, నీళ్ళ కాగులూ పాతచీరలూ చేరవేశారు. మేం తలుపు బయట చెవులు మూసుకుని కూర్చున్నాం. మస్తాన్ పరుగెత్తుకొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. బయట తారాజువ్వలు లేస్తూనే ఉన్నాయి. ఇంతలో లోపల్నించి పిల్ల ఏడుపు వినపడింది. ఆ చీకటి ఇంట్లో అన్నేళ్ళ తర్వాత దీపావళి రోజు వినపడ్డ మొదటి పెద్ద చప్పుడు అదే.

ఆడపిల్ల అని చెప్పడానికి అమ్మ బయటికొచ్చింది. వచ్చి, వెనకే వచ్చిన నాన్నమ్మతో మెల్లిగా అంది. "అత్తయ్యా, దీపావళి రోజున మనింట్లో పుట్టింది గదండీ."  సరిగ్గా అప్పుడే అరుపులు విని శాస్త్రిగారు ఏమైందంటూ గుమ్మంలోకొచ్చాడు. నాన్న సంగతి చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "అట్టా కుదరదమ్మా. మీ వంశంలో పుట్టాలి గానీ, వాళ్ళ పిల్ల మీకెట్టా లెక్కకొస్తుంది?"

నాన్నమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆయన వంక చూసింది. "నిన్న ఆవు ఒక్కరోజు ఆగి ఈనుంటే మా పండగ మాకొచ్చేదేగాండీ? ఆ దూడది మా వంశమా ఏంటండీ?"

 పాపం శాస్త్రిగారు మంచివాడే. కాసేపు గడ్డం గోక్కుని, నీ ఇష్టం తల్లీ అని వెళ్ళిపోయాడు. నాన్నమ్మ మా వంక తిరిగి, "నిలబడి చూస్తారేంటి, గోగుకాడలు తెండి" అని గద్దించింది.

మా ఇంట్లో కాడలెక్కడివి? నాన్న లాంతరు పట్టుకుని వెళ్ళి దొడ్డి దడి పక్కన ముదిరిపోయిన గోంగూర పీకి తెచ్చాడు. నాన్నమ్మ పెట్టెలోంచి తెల్లపంచె తీసి పీలికలుగా చింపింది. అది ఎవరిదో మేం అడగలేదు. నువ్వుల నూనెలో ముంచి చుట్టి వెలిగించి, నా చేతికి ఒకటీ తమ్ముడి చేతికి ఒకటీ ఇచ్చింది. మాకు కొట్టడం రాదు. నేను మరీ మెల్లిగా తాటిస్తుంటే "గట్టిగా కొట్టవే, నేల మేలుకోవాలి" అంది. కొట్టాం, నిప్పురవ్వలు లేచాయి, నూనెగుడ్డ కాలిన వాసన ముక్కుకెక్కింది. కాళ్ళు కడుక్కుని లోపలికొస్తే ఇంట్లో తీపి లేదు, నాలుక మీద బెల్లంముక్కలు పెట్టింది. నా నోట్లో పెట్టి, తమ్ముడి నోట్లో పెట్టి, గడపలో నిలబడ్డ మస్తాన్ నోట్లో కూడా పెట్టి, అక్కడే కూలబడి బాబాయిని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. గొంతెత్తి, వీధంతా వినేలా ఏడ్చింది. పండగ వస్తే దుఃఖం పోతుందనుకున్నాను నేను. పండగ వచ్చాకే ఆవిడ దుఃఖం బయటికొచ్చింది.

ఆ పిల్లే షాహీన్. వాళ్ళింట్లో తారీఖు ప్రకారం పుట్టినరోజు చేస్తే, నాన్నమ్మ తిథి ప్రకారం దీపావళికి నెత్తిన నూనె పెట్టి తలంటేది. షాహీన్ అని పలకలేక "దీపాలూ" అని పిలిచేది. అంతమాత్రాన ఆవిడ మారిపోయిందని చెప్పను. రంజానుకి వాళ్ళు వండిన సేమ్యా ముట్టేది కాదు. అది తెలిసి ఫాతిమా పచ్చి సేమ్యా, పాలు, పంచదార, జీడిపప్పు పళ్ళెంలో పెట్టి పంపేది, నాన్నమ్మ మా పొయ్యి మీద వండుకుని కళ్ళు మూసుకుని తాగేది. అయితే ఆ నెలంతా ఫాతిమా ఉపవాసం ఉంటుందని, పొద్దుగూకేదాకా మా పెరట్లో పోపు వెయ్యనిచ్చేది కాదు. ఎదుటివాళ్ళ పండగకి తను చేయగలిగిన మర్యాద అది.

పాఠాలు చెప్పే ఉద్యోగంలో నేను చాలా ఇళ్ళు చూశాను. వేటకెళ్ళిన మగమనిషిని సముద్రం మింగిన ఇంట్లో కూడా మరుసటేడు గంగమ్మకి నైవేద్యం కుండ ఎత్తడం చూశాను. డిసెంబరు రాగానే చిల్లుపడ్డ కాగితం నక్షత్రాన్ని అతికించి మళ్ళీ కట్టే ముసలాయన్ని చూశాను. ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా ఎందుకింత అవస్థ పడతారని అడిగితే సరిగ్గా చెప్పలేరు. నాకు తోచేది ఒకటే. మామూలు రోజుల్లో ఎవరి బాధ వాళ్ళ తలుపు వెనకే ఉండిపోతుంది. పండగ ఒక్కటే తలుపు తీయమంటుంది.

కానీ ఇదంతా తెలిసీ ఆ కట్ట ముందు నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. చివరికి షాహీన్‌కే ఫోను చేసి, ఈ ఏడు ఎందుకే పంపావు, మాకింక దీపావళి లేదన్నది పెద్దమ్మ అన్నాను. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"అక్కా, ఆ రోజు పుట్టిన మనిషిని నేనొకదాన్ని బతికే ఉన్నాగా? మామ్మ నాకిచ్చిన పండగ అది. నేనుండగా అది ఎట్టా పోద్ది? రేపు మధ్యానం బండికి వస్తన్నా. తద్దినం భోజనాలయ్యాక నాక్కూడా ఇంత అన్నం ఉంచు, మీ అమ్మ నాకు పిన్నేగా, ఆవిడ పేరు చెప్పుకుని తింటా."

తమ్ముడు తద్దినం పెట్టడం అయ్యేవేళకి అన్నట్టే వచ్చింది. అంగలకుదురులో మా ఇల్లిప్పుడు లేదు, ఆ స్థలంలో పెద్ద మేడ లేచింది. నాన్నమ్మ లేదు, నాన్న లేడు, శాస్త్రిగారు లేరు. డాబా మీద మతాబులు ఎండబెట్టేవాళ్ళూ లేరు, ఇప్పుడన్నీ అట్టపెట్టెల్లోనే వస్తాయి. గోగు వేసేవాళ్ళు తగ్గిపోయి, ఆ నాలుగు కాడల కోసం తను ఎన్ని దొడ్లు తిరిగిందో చెబుతూ షాహీన్ కట్ట విప్పింది. గుడ్డ కావాలంది. నేను లోపలికెళ్ళి అమ్మ బీరువా తెరిచి, ఏడాదిగా మడత విప్పని నీలం నేతచీర తీసి, అంచు దగ్గర పళ్ళతో పట్టి చింపాను.

వీధి గుమ్మం ముందు ఇద్దరం వంగి కాడలు నేలకేసి కొట్టాం. ఈ వయసులో నాకు నడుం పట్టేసి మెల్లిగా తాటిస్తుంటే, "గట్టిగా కొట్టక్కా" అంది షాహీన్. కొట్టాను. నిప్పురవ్వలు లేచాయి. అమ్మ పోయాక అప్పుడే మొదటిసారి, వీధిలో అందరూ చూస్తుండగా, అమ్మా అని గొంతెత్తి ఏడ్చాను.