బుల్లిరాజు కట్టిన కొండఊరి గుమ్మం

మా ఆయన బుల్లిరాజు ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. జాతరలకి సెట్టింగులు కట్టడం ఆయన పని. వెదురు, ప్లైవుడ్, థర్మోకోల్‌తో తాజ్‌మహల్ కట్టాడు, ఓడ కట్టాడు. ఏది కట్టినా జాతర అవగానే విప్పేయాల్సిందే. విప్పిన రోజు ఆయనకి అన్నం సహించదు.

ఈ ఏడు పెద్దాపురంలో మా వీధి జాతరకి ఆల్ప్స్ కొండల్లోని ఓ పాతకాలపు ఊరు కడతానన్నాడు. ఫోన్‌లో చూశాడట. కింద కొట్లు, పైన కాపురాలు, వానలో తడవకుండా నడవడానికి కొట్ల ముందు కమానుల వసారా, మంచు జారిపోయేలా ఏటవాలు కప్పులు. ఊరి మొగదల బురుజు, దానికింద ఎత్తు తక్కువ ఇరుకు గుమ్మం.

"ఏడొందల ఏళ్ళయినా చెక్కుచెదరలేదే సూర్యకళా! ఒక్కటైనా ఉన్నదున్నట్టు కట్టాలే," అంటూ అన్నం తింటూ కూడా కంచంలో కమానులు గీసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

కట్టాడు. నిజం చెప్పొద్దూ, చూపు తిప్పుకోలేకపోయాను.

జాతర రోజు పొద్దున్నే కమిటీ పెద్ద వెంకటరమణగారు వచ్చి గుమ్మం కింద నిలబడ్డారు. "ఏంటయ్యా ఇది? అమ్మవారిని నిలిపిన గరగ కుండ నెత్తిన పెట్టుకుని ఆడుతూ పల్లంరాజు ఇందులోంచి ఎలా వస్తాడు? గరగ వంచకూడదు కదా!"

"శత్రువులు గుర్రాల మీద దూసుకురాకుండా ఆ ఊరివాళ్ళు అలాగే కట్టుకున్నారండి," అన్నాడు ఈయన.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! అమ్మవారు శత్రువా?" అన్నాను, ఉండబట్టలేక.

నావంక కొరకొరా చూసి రంపం అందుకున్నాడు. కమాను కోస్తుంటే తెల్లటి పొట్టు మొహమంతా పడింది, తుడుచుకోలేదు. గుమ్మం ఎత్తు పెరిగింది, బురుజు అందం పోయింది. "ఇంకేముంది, ఇదీ రేపు విప్పేసే పందిరే," అని వైర్లు చూసుకునే వంకతో వెనక్కి పోయాడు. పాపం, జాలేసింది.

సాయంత్రం డప్పులతో గరగ వచ్చింది. పల్లంరాజు ఆడుతూ ఆడుతూ ఆ గుమ్మం ముందు ఆగిపోయాడు. గరగ ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళు అది మోసేవాడి కాళ్ళకి పసుపునీళ్ళు పోస్తారు. సెట్టింగు దగ్గర ఎవరు పోస్తారు?

"ఈ గుమ్మం ఎవరిదండీ? నీళ్ళు పొయ్యరా?" అని కేకేశాడు.

పక్కింట్లో పసుపునీళ్ళ బిందె లాక్కుని, వెనకనున్న ఈయన్ని చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చాను. "ఇది ఇల్లు కాదే," అంటూనే బిందె అందుకున్నాడు. పల్లంరాజు కాళ్ళకి పోస్తూ సగం నీళ్ళు తన కాళ్ళమీదే పోసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన కట్టిన గుమ్మం దగ్గర అమ్మవారు ఆగడం అదే మొదటిసారి. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాడు.